కాశీయాత్ర పేజీలో జౌన్‌పూర్‌కూ చోటివ్వండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో కాశీయాత్ర గురించి వచ్చిన వ్యాసం చదివాను. విశ్వనాథ దర్శనానికి ఏ వేళ రద్దీ తక్కువగా ఉంటుందో, మన తెలుగువారి సత్రాల్లో గది దొరకాలంటే ఎంత ముందుగా రాసుకోవాలో, గయకు, ప్రయాగకు, అయోధ్యకు ఏ బండి అనుకూలమో అందులో ఓపికగా వివరించారు. అంత వివరంగా సాగిన వ్యాసం చుట్టుపక్కల చూడదగిన స్థలాల దగ్గరికి వచ్చేసరికి సారనాథ్, రామ్‌నగర్ కోట, చునార్ అని మూడు పేర్లు చెప్పి ముగిసిపోయింది. కాశీకి వాయవ్యంగా 60 కిలోమీటర్ల దూరంలో, గోమతీ నది ఒడ్డున ఉన్న జౌన్‌పూర్ ఊసే అందులో లేదు. నేను చూసినంతలో తెలుగులో వచ్చే యాత్రా వ్యాసాల్లో గానీ, మన ఊళ్ల నుంచి కాశీకి బస్సులు నడిపేవారి కరపత్రాల్లో గానీ ఆ పేరు కనబడదు. ఈ లోటు తీర్చమని కోరడానికే ఈ ఉత్తరం. బ్యాంకు ఉద్యోగంలో ఉండగా ఆ ఊళ్లో కొంతకాలం పనిచేసినవాణ్ణి గనుక, మీకు పనికివస్తాయనుకున్న సంగతులు కూడా ఇందులోనే రాస్తున్నాను. నిడివి ఎక్కువైందనిపిస్తే తగినట్టు కుదించుకోగలరు.

మనవాళ్లలో చాలామంది కాశీలో తొమ్మిది నిద్రలు చేసే సంకల్పంతో వెళతారు. దర్శనాలు, పితృకార్యాలు, గంగపూజ, చివరికి చీరల బేరం కూడా మొదటి మూడు నాలుగు రోజుల్లోనే ముగిసిపోతాయి. మిగతా పగళ్లు సత్రం వసారాలో కూర్చుని, తిరుగు ప్రయాణం టికెట్టును మళ్లీ మళ్లీ తీసి చూసుకోవడంతో గడుస్తాయి. నియమం నిద్రకు సంబంధించినది గనుక తెల్లవారి బయలుదేరి, జౌన్‌పూర్ చూసుకుని, దీపాలు పెట్టే వేళకు కాశీ చేరుకుంటే దానికేమీ భంగం రాదు. క్షేత్రపు ఎల్లలు దాటనని సంకల్పం చెప్పుకున్నవారి సంగతి వేరు. అటువంటివారిని కదిలించమని నేను అనను. ఇక విమానంలో వెళ్లేవారికైతే ఇది మరీ సులువు. బాబత్‌పూర్ విమానాశ్రయం కాశీ నగరంలో లేదు, కాశీ నుంచి జౌన్‌పూర్ వెళ్లే రహదారి మీదే ఉంది. అక్కడ దిగి ఎడమకో కుడికో తిరగడమే తేడా. రైలులో పోదలచినవారికి కాశీ నుంచి లక్నో వైపు వెళ్లే బళ్లు చాలానే ఆ ఊరి మీదుగా పోతాయి. ఆ ఊళ్లో రాత్రి బస చేయవలసిన అవసరం లేదు, చెప్పుకోదగ్గ వసతులూ తక్కువే.

ఆ ఊరికీ మనకూ ఏం సంబంధమని అడిగేవారికి ఓరుగల్లు చరిత్రలోనే సమాధానం ఉంది. 1323లో ఓరుగల్లు కోటను పట్టుకుని, కాకతీయ ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి పంపిన ఉలుగ్ ఖాన్ అసలు పేరు జౌనా ఖాన్. అంతకు రెండేళ్ల ముందు ఒకసారి వచ్చి ముట్టడించినప్పుడు, ఢిల్లీలో సుల్తాను మరణించాడన్న పుకారు పుట్టి సైన్యం చెల్లాచెదురు కావడంతో అతడు వెనుదిరగవలసి వచ్చింది. రెండోసారి మాత్రం పంతం నెగ్గించుకున్నాడు. ప్రతాపరుద్రుడు ఢిల్లీ చేరకముందే నర్మదా తీరాన కన్నుమూశాడని ప్రోలయ నాయకుని విలస శాసనం చెబుతున్నది. ఆ జౌనా ఖానే 1325లో మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా సింహాసనం ఎక్కాడు. 1351లో అతడు మరణించాక గద్దెనెక్కిన పినతండ్రి కొడుకు ఫిరోజ్ షా, బెంగాల్ మీదికి దండెత్తి వెళుతూ గోమతి ఒడ్డున జఫరాబాద్‌లో విడిది చేశాడు. ఆ పక్కనే 1359లో ఒక కొత్త నగరానికి పునాది వేసి, చనిపోయిన అన్నగారి పేరు పెట్టాడు. అదే జౌన్‌పూర్. జమదగ్ని మహర్షి ఆశ్రమం వల్ల ఆ పేరు వచ్చిందని నమ్మేవారు కూడా ఆ ఊళ్లో ఉన్నారు, ఊరికి దగ్గర్లోని జమైఠా గ్రామంలో ఆ ఆశ్రమ స్థలాన్ని చూపిస్తారు కూడా. ఏదేమైనా ఓరుగల్లు కోటలో కీర్తితోరణాలను, నేల మీద పడి ఉన్న ఆలయ శిల్పాలను చూస్తూ పెరిగిన నాబోటివాడికి ఆ నగరం బొత్తిగా పరాయిదిగా తోచకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

అయితే ఆ ఊరు గొప్పది కావడం తుగ్లకుల కాలంలో కాదు. ఢిల్లీ బలహీనపడిన 1394 ప్రాంతంలో, తూర్పు దేశానికి అధికారిగా వచ్చిన మాలిక్ సర్వర్ స్వతంత్రించి షర్కీ రాజ్యాన్ని నెలకొల్పాడు. 1398లో తైమూరు ఢిల్లీని కొల్లగొట్టినప్పుడు అక్కడి పండితులు, శిల్పులు, సంగీతకారులు ప్రాణాలరచేత పెట్టుకుని తూర్పుకు తరలివచ్చారు. వారికి ఆశ్రయమిచ్చినవాడు ఇబ్రహీం షా. 1402 నుంచి 1440 దాకా సాగిన అతని పాలనలో జౌన్‌పూర్ విద్యలకు నిలయమై, పారశీక దేశంలో విద్యలకు పేరొందిన షీరాజ్ నగరంతో పోల్చి హిందూదేశపు షీరాజ్ అనిపించుకున్నది. ఆ తరువాతి కాలంలో షేర్ షాగా పేరొందిన ఫరీద్ ఖాన్ కుర్రవాడుగా ఉన్నప్పుడు చదువుకోవడానికి వచ్చింది ఇక్కడికే. చివరి సుల్తాను హుసేన్ షా స్వయంగా సంగీత విద్వాంసుడు. హిందుస్తానీ సంగీతంలో ఒక పద్ధతి అయిన ఖయాల్ గానం పెంపొందడంలో అతనికి పాలున్నదని, జౌన్‌పురి రాగం అతని కల్పనేనని హిందుస్తానీ విద్వాంసుల్లో వాడుక. మన కచేరీల్లో చివర పాడే తేలికపాటి కీర్తనల్లో వినిపించే జోన్‌పురి ఆ రాగానికి దక్షిణాదిలో ఉన్న రూపమే. ఆ రాగం విని తలూపే మనవాళ్లలో ఊరి పేరు విన్నవారెందరో నాకు అనుమానమే. యుద్ధంలో మాత్రం హుసేన్ షాకు అదృష్టం కలిసిరాలేదు. 1479లో బహ్లూల్ లోడీ చేతిలో ఓడిపోయి తూర్పుకు పారిపోయాడు. ఆ తరువాత సికందర్ లోడీ షర్కీల రాజభవనాలను నేలమట్టం చేయించాడు. అందుకే రాజులు నివసించిన చోటు ఒక్కటీ మిగలని ఆ ఊళ్లో, వారు కట్టించిన మసీదులు మాత్రం నిలిచి ఉన్నాయి.

చూడవలసిన వరుస చెబుతాను. ఊరు చేరగానే ముందు కోటకు వెళ్లాలి. ఎండ ముదిరితే అక్కడ నీడ దొరకదు. గోమతి ఉత్తర ఒడ్డున దిబ్బ మీద ఉన్న ఈ కోట ఫిరోజ్ షా కాలం నాటిది. లోపలి ద్వారం మీద నీలి, పసుపు రంగుల మెరుగు ఇటుకలు అక్కడక్కడా ఇంకా మిగిలి ఉన్నాయి. లోపల 1376 నాటి చిన్న మసీదు, దాని ముందు పొడవైన స్తంభం, నేలలోకి దిగినట్టుండే స్నానశాల ఉన్నాయి. స్నానశాలలోని సన్నని నడవల్లో దారి తప్పే అవకాశం ఉండటం వల్ల స్థానికులు దాన్ని భూల్ భులయ్యా అంటారు. అయితే కోటలో అసలు చూడవలసింది ఇవేవీ కావు. నది వైపు బురుజు ఎక్కితే కిందుగా గోమతి, దాని మీద అక్బరు కాలం నాటి వంతెన ఒకే చూపులో కనబడతాయి. ఆ వంతెనకు అంత మంచి చూపు మరెక్కడి నుంచీ దొరకదు.

ఆ వంతెన గురించి కాస్త ఎక్కువగా రాయక తప్పదు, నా మటుకు ఊరంతటికీ అదే తలమానికం. అక్బరు సేనానుల్లో ఒకడైన మునీమ్ ఖాన్ ఈ ప్రాంతానికి అధికారిగా ఉండగా 1564లో మొదలుపెట్టి 1568 నాటికి పూర్తి చేయించాడు. కట్టినవాడు అఫ్జల్ అలీ కాబూలీ అనే వాస్తుశిల్పి. కమానుల నడుమ ఉన్న లావుపాటి స్తంభాల మీద, రోడ్డుకు రెండు పక్కలా, చిన్న చిన్న మండపాలు కట్టారు. వంతెన దాటేవారు ఎండకో వానకో ఆగి నిలబడటానికి అవి ఉద్దేశించినవి కావచ్చు. నేనున్న రోజుల్లో ఆ మండపాల్లో గాజులు, తాళాలు, చెప్పులు, మూలికల మందులు అమ్మేవారు. 1934లో బీహారును కుదిపేసిన భూకంపంలో కొన్ని కమానులు దెబ్బతింటే తిరిగి కట్టారు. నది పొంగినప్పుడు ఎన్నోసార్లు మునిగి తేలింది. అన్నీ తట్టుకుని ఇప్పటికీ జనం నడుస్తున్న వంతెన ఇది. పక్కనే కొత్త వంతెన వచ్చాక దీని మీద భారం కొంత తగ్గింది. వంతెన దగ్గర ఏనుగును కాళ్ల కింద అణచిపట్టిన సింహపు రాతి విగ్రహం ఉంది. ఒకప్పుడు దూరాలు కొలవడానికి దాన్నే మొదలుగా తీసుకునేవారని చెబుతారు. గజసింహ శిల్పాలు మన గుళ్లలో కొల్లలుగా ఉన్నా, మొగలాయీల వంతెన దగ్గర అది ఎదురయ్యేసరికి ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు.

ఈ వంతెనతో ముడిపడిన ఒక కథ ఏ యాత్రా వ్యాసంలోనూ ఉండదు గనుక చెబుతున్నాను. 1586లో ఈ ఊళ్లో ఒక రత్నాల వర్తకుడి ఇంట పుట్టిన బనారసీదాస్ అనే జైన కవి, యాభై అయిదేళ్ల వయసులో 1641లో తన జీవితాన్ని తానే పద్యాల్లో రాసుకున్నాడు. అర్ధకథానక్ అనే ఆ గ్రంథాన్ని భారతీయ భాషల్లో తొలి ఆత్మకథగా పరిగణిస్తారు. వయసులో ఉండగా శృంగారం మీద వెయ్యి పద్యాలు రాసి పేరు తెచ్చుకున్న ఈ కవి, ఒకరోజు స్నేహితులతో వంతెన మీద కూర్చుని వాటిని చదువుతూ ఉండగా, ఇన్ని అబద్ధాలు రాశానే అని సిగ్గుపడి, పక్కవాళ్లు అయ్యో అయ్యో అంటూ ఉండగానే ఆ పొత్తాన్ని గోమతిలోకి విసిరేశాడు. 1605లో అక్బరు మరణవార్త చేరినప్పుడు ఊరు ఎలా వణికిపోయిందో కూడా అతనే రాశాడు. దుకాణాలు మూతపడ్డాయి, నగలు నేలలోకి వెళ్లాయి, ఎవరు కలవారో ఎవరు లేనివారో పోల్చుకోలేనంతగా అందరూ ముతక బట్టలు కట్టుకున్నారు. కొత్త పాదుషా గద్దెనెక్కాడని ఆగ్రా నుంచి ఉత్తరం వచ్చాకగానీ జనానికి ఊపిరి ఆడలేదు. మెట్ల మీద కూర్చుని ఆ మరణవార్త విన్న బనారసీదాస్ స్పృహ తప్పి దొర్లి పడి నుదురు పగలగొట్టుకున్నాడు. ఇలాంటి సంగతి ఒక్కటి తెలిసి ఆ వంతెన మీద నడిస్తే, అది ఎన్ని అడుగుల పొడవన్న లెక్క తెలియకపోయినా నష్టం లేదు.

కోటకు నడిచి వెళ్లగలిగేంత దూరంలోనే అటాలా మసీదు ఉంది. ఫిరోజ్ షా కాలంలో పునాది పడినా ఇబ్రహీం షా 1408లో దీన్ని పూర్తి చేయించాడు. షర్కీల కట్టడాలన్నిటికీ ఇదే ఒరవడి. విశాలమైన ముంగిట్లోకి అడుగుపెట్టగానే ఎదురుగా, పైకి పోయేకొద్దీ కాస్త సన్నబడే బ్రహ్మాండమైన రాతి ద్వారగోపురం నిలుచుని ఉంటుంది. దాని నడుమ లోతైన కమాను, ఆ కమాను అంచున బల్లెపు మొనల్లాంటి చెక్కడపు పని. అసలు ప్రార్థనాలయం గుమ్మటం దీని వెనుక ఉంది, కానీ మన పెద్ద గుళ్లలో గాలిగోపురం ముందు నిలబడినప్పుడు లోపలి విమానం కనుమరుగైనట్టు, ముంగిట్లోంచి చూస్తే అది కనబడదు. మీనార్లు లేవు. మూడు పక్కలా రెండంతస్తుల మండపాలు ఉన్నాయి. వాటి కింది వరుస గదులు లోపలికి కాక వీధివైపు తెరుచుకుంటాయి, బాటసారులకూ వర్తకులకూ ఉపయోగపడేలా అలా కట్టారంటారు. తాపీగా చూసేవారు ముంగిట్లోంచి బయటికి వచ్చి, వెనుక గోడ వెంబడి కూడా ఒకసారి నడవాలి. ముందువైపు ఆర్భాటానికి అలవాటుపడిన కళ్లకు ఆ వెనుక గోడ గుండ్రని మూలస్తంభాలతో, తక్కువ అలంకారంతో, మరో కట్టడంలా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పవలసి ఉంది. ఈ చోట పూర్వం అటలాదేవి ఆలయం ఉండేదన్న వాదన పాతదే. ఆ మసీదులో, ఊళ్లోని ఇతర మసీదుల్లో కూడా ఆలయాల రాళ్లు వాడారన్నది పురావస్తు పరిశోధకులు ఎప్పుడో రాసిన విషయమే. లాల్ దర్వాజా మసీదులో కాశీలోని ఒక ఆలయానికి చెందిన 1296 నాటి సంస్కృత శాసనం కూడా దొరికింది. అటాలా మీద ఇప్పుడు న్యాయస్థానంలో వ్యాజ్యం నడుస్తున్నది. చూడటానికి వెళ్లినవారు అక్కడివారితో ఈ చర్చ పెట్టుకోవడం గానీ, రాళ్లను వేలుపెట్టి చూపిస్తూ వీడియోలు తీయడం గానీ చేయకపోవడం మర్యాద. మీరు వ్యాసం రాయించినప్పుడు ఈ విషయం దాచనక్కర లేదు, దాన్నే వ్యాసమంతా చేయనక్కరా లేదు. రాళ్లు ఎక్కడివైనా, ఆ కమానును నిలబెట్టిన పనితనం కూడా కళ్లెదుట ఉన్నదే.

జామా మసీదు ఇక్కడికి ఉత్తరంగా ఉంది. హుసేన్ షా కాలంలో, 1470 ప్రాంతంలో పూర్తయిన ఈ మసీదును ఎత్తైన అరుగు మీద కట్టారు గనుక నిటారుగా ఉన్న మెట్లు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలను ఎక్కించే ముందు ఆలోచించుకోవడం మంచిది. ఎక్కగలిగినవారు మాత్రం గుమ్మటానికి రెండు పక్కలా ఉన్న పొడవైన సావిళ్లలోకి తప్పక వెళ్లాలి. నడుమ ఒక్క స్తంభం లేకుండా, అంత వెడల్పు గదిని ఒకే కమానుకప్పుతో మూసిన తీరు ఆ కాలానికి సాహసమే. లోపల నిలబడి ఎవరైనా మెల్లగా మాట్లాడినా ఆ మాట కప్పంతా తిరిగి వస్తుంది.

లాల్ దర్వాజా మసీదు ఊరి అంచున ఉంది, ఈ-రిక్షాలో వెళ్లాలి. షర్కీ సుల్తాను మహమూద్ షా రాణి బీబీ రాజీ 1447లో దీన్ని కట్టించింది. అటాలా కంటే బాగా చిన్నది. మిగతా మసీదుల్లో స్త్రీలు కూర్చునే మేడగది ఎక్కడో చివరన ఉంటే, ఇక్కడ మాత్రం గుమ్మటం కింది ప్రధాన మందిరాన్ని ఆనుకుని నట్టనడుమకు వచ్చింది. కట్టించినది ఆడమనిషి కావడమే కారణమని వాస్తు చరిత్రకారుల ఊహ. కాదనడానికి నాకు కారణం కనబడలేదు. సిపాహ్ వాడలో నది దగ్గర ఉన్న ఝంఝరీ మసీదులో మిగిలింది ముందరి గోడ ఒక్కటే, దాని మీది జాలీపని కోసం సమయం ఉంటే చూడవచ్చు. చార్ అంగుళ్ మసీదులో ఒక రాయి ఉండేదనీ, చిన్నపిల్లలు కొలిచినా పెద్దలు కొలిచినా సరిగ్గా నాలుగు వేళ్ల వెడల్పే వచ్చేదనీ చెప్పుకుంటారు. మీతో పిల్లలుంటే ఆ కథ కోసమైనా వెళ్లవచ్చు. దేవాలయాల కోసం చూసేవారికి ఊరి శివార్లలో చౌకియా శీతలామాత గుడి, కాశీ నుంచి వచ్చే దారిలోనే త్రిలోచన మహాదేవుని ఆలయం ఉన్నాయి.

ఇక తిండి సంగతి. మన యాత్రికులు బయలుదేరేటప్పుడే పచ్చడి సీసా సంచిలో పెట్టుకుంటారు గనుక మధ్యాహ్న భోజనం గురించి నాకు బెంగ లేదు. శాకాహార భోజనశాలలు మార్కెట్లో దొరుకుతాయి, బాటీ అనే కాల్చిన గోధుమపిండి ఉండలు, చోఖా అనే కాల్చి మెదిపిన వంకాయ కూర రుచి చూడదగినవి. కానీ ఇమర్తీ తినకుండా ఆ ఊరు విడిచిపెట్టకూడదు. ఓలందగంజ్ మార్కెట్లో 1855 నుంచి నడుస్తున్నదని చెప్పుకునే బేనీరామ్ దుకాణం పేరు ఎవరిని అడిగినా చెబుతారు. మినప్పప్పు నానబెట్టి రాతి మీద నూరి, ఆ పిండిని గుడ్డలోంచి కాగుతున్న నేతిలోకి చుట్లు చుట్లుగా వదిలి, ఖండ్‌సారీ అనే నాటు చక్కెర పాకంలో వేస్తారు. మన జాంగ్రీకి ఉండే కళ్లు చెదిరే రంగు దీనికి ఉండదు, గోధుమవన్నెగా ఉంటుంది. నోట్లో వేసుకుంటే కరకరలాడదు, మెత్తగా విడిపోతుంది. తీపి కూడా తక్కువ. వారం పైగా నిలవ ఉంటుంది గనుక ఇంటికి తెచ్చుకోవడానికి అనువైనది. కాశీ నుంచి గంగ చెంబులతోపాటు ఒక ఇమర్తీ పెట్టె కూడా తెస్తే ఇంట్లో చిన్నవాళ్లు సంతోషిస్తారు. చలికాలంలో వెళ్లినవారు మార్కెట్లో నేవార్ అనే జౌన్‌పూర్ ముల్లంగిని కూడా చూడాలి. నది ఒడ్డు మెత్తని మట్టిలో కిలోల కొద్దీ బరువు పెరిగే ఆ ముల్లంగి ఒకప్పుడు ఊరికి పెద్ద పేరు. ఆ పొలాల్లో ఇళ్లు లేస్తున్నకొద్దీ అది అరుదైపోతున్నది. అలాగే వేసవిలో జమైఠా ఖర్బూజా.

జాగ్రత్తలు కొన్ని. శుక్రవారం మధ్యాహ్నం మసీదులకు వెళ్లవద్దు. మిగతా రోజుల్లో కూడా నమాజు వేళకు బయట ఆగి, ముగిశాక లోపలికి వెళ్లాలి. ఇవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలే అయినా ప్రార్థనలు జరిగే స్థలాలు. చెప్పులు విడిచి, తలమీద కొంగో రుమాలో వేసుకుని వెళితే స్త్రీలనైనా పురుషులనైనా ఎవరూ అభ్యంతరపెట్టిన సందర్భం నేను చూడలేదు. ఆ ఊళ్లో షియాల జనాభా ఎక్కువ గనుక మొహర్రం రోజుల్లో, ఆ సంతాపానికి నలభయ్యో రోజైన చెహ్లుమ్ నాడు ఊరేగింపులతో పాతబస్తీ వీధులు నిండిపోతాయి. ఆ ఊరేగింపులు చూడటానికే వెళితే తప్ప, కట్టడాలు చూడటానికి ఆ రోజులు కుదరవు. మే, జూన్ నెలల్లో లూ అనే వడగాలికి మనవాళ్లు తాళలేరు. పుష్యమాసంలో పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, బురుజు ఎక్కినా నది కనబడదు. దీపావళి వెళ్లాక ఒక నెల, శివరాత్రికి అటూ ఇటూ కొన్ని వారాలు మంచి కాలం. ఆ ఊళ్లో గుర్తింపు పొందిన గైడ్లు దొరకడం కష్టం. ఈ-రిక్షా నడిపేవారే మనల్ని అన్నిచోట్లా తిప్పుతారు. ఎక్కే ముందే ఏయే స్థలాలు, ఎంతసేపు, మొత్తం ఎంత అన్నది తేల్చుకోవాలి. వారు చెప్పే కథలు సరదాగా వినవచ్చుగానీ, ప్రతి సొరంగమూ కాశీదాకా పోతుందన్న మాట మాత్రం నమ్మనక్కర లేదు.

నా కోరిక ఇంత చిన్న విషయాలు ఎందుకని కొట్టివేయకండి. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రలో ప్రతి మజిలీలోనూ నీళ్లు ఎలా ఉన్నవి, అంగళ్లు ఉన్నవా లేవా, దారి ఇసుకా రాళ్లా, దిగడానికి చోటు ఎక్కడ అని రాసిపెట్టాడు. ఆ వివరాల వల్లనే ఆ పుస్తకం ఇన్నేళ్లకూ చదువుకోదగ్గదిగా ఉంది. ఈనాటి యాత్రా పేజీల్లో ఫొటోలు పెద్దవి, విశేషణాలు ఇంకా పెద్దవి. ‘చూసి తీరవలసిన పది ప్రదేశాలు’ అన్న జాబితాలో ఏది ముందు చూడాలో, ఏది ఎప్పుడు మూసివేస్తారో, ఏ మెట్లు పెద్దవారు ఎక్కలేరో ఉండదు. వెళ్లినవారు రాయక, రాసినవారు వెళ్లక ఈ పరిస్థితి వచ్చిందని నా అనుమానం. మీ పేజీ గురించి ఇంత కటువుగా అనడం నా ఉద్దేశం కాదు, కాశీ సత్రాల గురించి మీ ప్రతినిధి రాసిన తీరు చూస్తే వెళ్లి చూసి రాసినట్టే ఉంది. జౌన్‌పూర్‌కూ అదే శ్రద్ధ చూపమని అడుగుతున్నాను.

అందుకు మీ ప్రతినిధిని ఒక్క రోజు పంపితే చాలు. కోట, వంతెన, అటాలా, జామా మసీదు, లాల్ దర్వాజా వరుసలో ఒక చిన్న పటం గీయించి, స్థలాల పేర్లు తెలుగులోను, పక్కనే నాగరి లిపిలోను అచ్చువేయించండి. హిందీ రాని పెద్దలు ఆ కాగితం ముక్కను రిక్షావాడికి చూపించి పని జరుపుకుంటారు. కాశీకి బస్సులు నడిపే యాత్రా నిర్వాహకులు మీ పత్రిక చదువుతారు గనుక, తొమ్మిది నిద్రల యాత్రలో నాలుగో రోజో అయిదో రోజో పగటిపూట ఈ ఊరిని చేర్చే వీలుందేమో కనుక్కోమని వారికి కూడా మీ ద్వారా విన్నవించుకుంటున్నాను. ప్రతినిధి వెళ్లే ముందు వివరాలేమైనా కావాలంటే, నాకు తెలిసినవి రాసి పంపడానికి సిద్ధంగా ఉన్నాను. శుక్రవారం కాకుండా చూసుకుని పంపగలరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
హనుమకొండ.